మునిగినవాడు కాళ్లాడించడు

పోయిన వారం లీడరమ్మని క్వారీ గుంట గట్టున, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. వారం పాటు ఆ కంపులో నిలబెట్టినందుకు ఆవిడ మనల్ని తిట్టుకున్నా తప్పులేదు. పదండి, మళ్లీ అక్కడికే. మీరూ ముక్కు మూసుకోండి.

అప్పటికి జరిగింది ఇదీ. వానలు మొదలయ్యేలోగా లీడరమ్మ నడిపే వరద సహాయ బృందానికి కొత్త పడవలు కొనాలి. షెడ్డులో రెండు రకాలూ ఒక్కొక్కటి ఉన్నాయి. ఒకటి తెల్లగా, నున్నగా, ఎత్తైన అంచులతో ఉండే ఫైబర్ పడవ. దాన్ని అందరూ హంస అంటారు. రెండోది అడుగు బల్లపరుపుగా, అంచులు మోకాలెత్తు కూడా లేని అల్యూమినియం రేకు పడవ. దాన్ని తొట్టి అంటారు. ఏ రకం కొనాలో తేల్చడానికి కొనుగోలు కమిటీ వచ్చి పరీక్ష పెట్టింది. మునిగిపోతున్న మనిషి వేషం వెయ్యడానికి బృందం సలహాదారు, లీడరమ్మకి స్వయానా మేనమామ, ఊరంతా మాస్టారూ అని పిలిచే పాత ఈతగాడు గుంటలో దిగాడు. ముందు తొట్టి. బృందంలోని ఇద్దరు మనుషులు లాగబోతే ఆయన ఇసుక బస్తాలా బిగుసుకుపోయి, ఇద్దరికీ ఆయాసం తెప్పించి, చివరికి సగం బయటే వేలాడాడు. తర్వాత హంస. అదే ఇద్దరు చేతులు పట్టుకుని ఒక్క ఊపు ఊపేసరికి చేపపిల్లలా ఎగిరి లోపల పడ్డాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. లీడరమ్మ మాత్రం కొట్టలేదు.

కొట్టకపోవడానికి కారణం ఉంది. పడవల సంగతి తెలిసినవాళ్లెవరికైనా అది తలకిందుల ఫలితం. నీళ్లలో ఉన్న మనిషిని పైకి లాగాలంటే అంచు ఎంత కిందికుంటే అంత మేలు. అడుగు బల్లపరుపుగా ఉంటే ఇద్దరూ ఒకే పక్కకి వంగినా పడవ కుదురుగా ఉంటుంది. పైగా వీధుల్లోకొచ్చే వరదకి లోతు ఒక తీరున ఉండదు. ఒకచోట పీకలదాకా, పది అడుగులేస్తే మోకాళ్లదాకా. కింద ప్రహరీ గోడలు, గేట్లు, మునిగిపోయిన మోటారు సైకిళ్లు. హంసకి అడుగు కోసుగా ఉంటుంది కాబట్టి దారిలో ఉన్న ప్రతిదాన్నీ పలకరిస్తూ పోతుంది. తొట్టి జానెడు నీళ్లున్నా జారిపోతుంది, నీళ్లు లేనిచోట నలుగురు కలిసి ఎత్తుకుపోతారు. చూడ్డానికి మాత్రం అది పశువులకి కుడితి పోసే తొట్టిలాగే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. హంసదేమో పైన పటారం, లోన లొటారం.

ఇదంతా ఆవిడకి మావయ్య నేర్పిన విద్యే. తల్లీ తండ్రీ పోయిన అక్క కూతుర్ని తెచ్చి పెంచి, నడుముకి తాడు కట్టి నీళ్లలోకి తోసి ఈత నేర్పింది ఆయనే. ‘ఎవరైనా పడవలోకి లాగుతుంటే కొయ్యలా ఉండకే పిల్లా, కాళ్లాడించు. సగం పని నువ్వు చేస్తే సగం వాళ్లు చేస్తారు’ అన్నది మొదటి పాఠం. పెద్దదై బృందంలో చేరాక చెప్పింది రెండోది. ‘మునిగినవాడు కాళ్లాడించడు. వాడి బరువు మొత్తం మనదే. పడవ మంచిదో చెడ్డదో వాడితోనే కొలవాలి.’ ఈ మాట ఆవిడ బృందంలో చేరిన ప్రతివాళ్లకీ మావయ్య పేరు చెప్పి మరీ చెబుతుంది.

ఇక నిరుటి సంగతి కూడా చెప్పేస్తే మనకి బాకీ ఉండదు. నిరుడు వరదొచ్చినప్పుడు మావయ్య షెడ్డులోంచి హంసని తీశాడు. మనుషులు తలో వీధికీ చెదిరిపోయారు కాబట్టి పడవలో ఆయనొక్కడే ఉన్నాడు. బజారు వీధిలో ఒక దర్జీ భార్య దుకాణం తలుపు పట్టుకుని వేలాడుతోంది. దర్జీ పైకప్పు మీదున్నాడు గానీ ఆ వానలో ఎవరి చెయ్యి వాళ్లకే కనిపించడం లేదు. మావయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు, లాగాడు, ప్రవాహం లాగేసింది, చెయ్యి జారింది. ఆయన చెప్పింది అదీ. మర్నాడు ఆమె రెండు వీధుల అవతల దొరికింది.

ఆ దర్జీ తర్వాత కుట్టుమిషను మూలపెట్టి బృందంలో చేరాడు. ఈత రాదు, తెడ్డు మాత్రం బాగా వేస్తాడు. మావయ్య అంటే అతనికి దేవుడితో సమానం. మూలనున్న మిషను మళ్లీ తీసేది ఆయన కోసమే, ఆయన ఒంటి మీది చొక్కాలన్నీ అతను కుట్టినవే. ‘మా ఆవిడ చేతిని చివరిదాకా పట్టుకున్న చేతులమ్మా అవి. వాటికి సరిగ్గా పట్టే చొక్కా ఉండొద్దూ?’ అంటాడు. అలా అన్నప్పుడల్లా లీడరమ్మకి కళ్లు చెమర్చేవి.

సరే, గుంట దగ్గరికి వద్దాం. చప్పట్లయ్యాక అందరూ టెంటులోకి టీకి నడిచారు. లీడరమ్మ మాత్రం నీళ్లకేసే చూస్తూ ఉండిపోయింది. ముచ్చటపడి చూడాల్సిన గుంటేం కాదది. రాయి కొట్టేసి వదిలేసిన గొయ్యిలో వాననీరు చేరింది. ఊరు తనకి అక్కర్లేనివన్నీ తెచ్చి ఆ నీళ్లలో పోసింది. చిరిగిన పరుపులు, ముళ్లు వేసిన సంచులు, పొట్ట ఉబ్బి వెల్లకిలా తేలే ఎలకలు. అన్నిటి మీదా దట్టంగా పచ్చటి పాచి. కార్లు నిలపడానికి చోటుంది, టెంటుకి చదునైన నేలుంది అని కమిటీవారు ఈ గుంటని ఎంపిక చేశారు. పడవల్ని కూడా ఆ లెక్కనే ఎంచుతారని అప్పుడే అర్థం కావలసింది.

ఆ పాచిని చూస్తూ చూస్తూ ఆవిడ ముక్కు మీది రుమాలు తీసేసింది. పడవలు వచ్చిన దారులు రెండు చారల్లా కనిపిస్తున్నాయి. తొట్టి నిలబడిన చోట ఆ చార చివర పాచిలో ఒక మనిషి పట్టేంత కన్నం, అంతే. హంస నిలబడిన చోట మాత్రం పాచి పీలికలు పీలికలైపోయింది. మావయ్య తేలిన చోటు నుంచి వెనక్కి ఒక గది మేర నల్లటి నీళ్లు బయటపడ్డాయి, వాటి మీద ఇంకా నురగ తిరుగుతోంది. కొయ్యలా వేలాడే మనిషి నీళ్లని అలా చిలకడు. ఈతగాడు రెండు కాళ్లూ కలిపి బలంగా తన్నితే తప్ప అంత పాచి చిరగదు. మొదటి పాఠం, సాక్షాత్తూ గురువుగారి కాళ్లతో, నీళ్ల మీద రాసి ఉంది.

కోపం రావలసింది. రాలేదు. గుంట కంపు ఇందాకట్నుంచీ భరిస్తూనే ఉంది. ఇది వేరే కంపు.

టెంటులో కమిటీ చైర్మన్ బిస్కెట్ల పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. గుంట మీంచి లేచిన ఈగలు నేరుగా వచ్చి బిస్కెట్ల మీద వాలుతున్నాయి. ఆయన వాటిని చేత్తో తోలి, తోలిన బిస్కెట్టునే టీలో ముంచి నోట్లో వేసుకుంటున్నాడు.

“రామ్మా లీడరమ్మా, టీ తీసుకో. చూశావా మీ మావయ్యగారు ఎంత తేలిగ్గా ఎక్కేశారో! ఆ తెల్ల పడవకి ఒక దర్జా ఉంది. రేపు పెద్దలెవరైనా వరద చూడ్డానికొస్తే నిలబడి జనానికి చెయ్యూపడానికి వీలుగా ఉంటుంది. ఆ తొట్టిలో కూర్చోబెడితే ఏం బాగుంటుంది చెప్పు? గంపలో గుమ్మడికాయల్లా ఉంటారు.”

“మునిగేవాళ్లూ చేతులూపుతూనే ఉంటారండీ. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు ఊపుకుంటే సరిపోతుంది లెండి.”

చైర్మన్ అది జోకనుకుని పగలబడి నవ్వాడు. నోట్లోని బిస్కెట్టు తడి ముక్క ఒకటి బల్ల మీద పడింది.

“ఈ టీ అయ్యాక సంతకాలు పెట్టేస్తాం. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు” అన్నాడు.

అంటే ఆవిడకి టీ తాగేంత సేపుంది. సంతకాలు పడితే వానల నాటికి షెడ్డు నిండా హంసలే. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఆ ఎత్తైన అంచు కింద చెయ్యి చాపుతారు, పైనున్నవాళ్లు లాగలేరు. లీడరమ్మ టీ ముట్టకుండా బయటికి వచ్చేసింది.

మావయ్య గుంట పక్కనున్న పాత క్వారీ షెడ్డు వెనక, నీళ్ల గొట్టం కింద కూర్చుని ఒళ్లు రుద్దుకుంటున్నాడు. పక్కన మేకుకి దర్జీ కుట్టిన చొక్కా, నీట్‌గా మడత కూడా నలగకుండా వేలాడుతోంది.

“ఇంకా రుద్దు మావయ్యా. అది అంత తేలిగ్గా పోయేలా లేదు.”

“ఏంటే? ఏమైంది?”

“కాళ్లాడించావు.”

మావయ్య చేతిలో సబ్బు ఆగింది. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన మొహం. వెంటనే సర్దుకుని, “ఎవరన్నారు?” అన్నాడు.

“పాచి అంది. వెళ్లి చూసుకో. హంస వెనక గుంట గుంటంతా చిలికేశావు.”

“నీళ్లలో పడ్డవాడు ఎవడైనా కాస్త తన్నుకోడా ఏంటే?”

“మరి తొట్టి దగ్గర తన్నుకోలేదేం? అక్కడ బతుకు మీద ఆశ పోయిందా?”

“వయసైపోయిందే పిల్లా. ఒకటోసారి ఒకలా ఉంటుంది, రెండోసారి ఒకలా ఉంటుంది ఒళ్లు.”

“రెండోసారికి ఎవరైనా అలిసిపోతారు మావయ్యా. కుర్రాళ్లయిపోరు.”

ఆయన గొట్టం కట్టేశాడు. కట్టేశాక కూడా అది కాసేపు బొట్లు కారుస్తూనే ఉంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు. ఆ చుట్టూ చూడటమే లీడరమ్మకి అన్నిటికన్నా రోతగా అనిపించింది. తన చిన్నప్పుడు ఏ పని చేసినా రొమ్ము విరుచుకుని చేసిన మనిషి, వంటింట్లో దూరిన పిల్లిలా చూస్తున్నాడు.

“నువ్వు తొట్టి తొట్టి అని ఊరంతా చాటుతున్నావు. బాగానే ఉంది. తొట్టే మేలని ఇవాళ తేలిందనుకో, నిరుడు నేనేం చేసినట్టే? షెడ్డులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తొట్టిని వదిలి హంసని తీశాను. ఆవిణ్ని చంపింది వరద కాదు, మాస్టారే అని ప్రతి వెధవా అంటాడు. ఈ వయసులో ఆ మాట పడనా?”

“ఎందుకు తీశావు హంసని?”

మావయ్య చేతిలోని సబ్బుని అటూ ఇటూ తిప్పాడు.

“కొత్తది కదే. మెరుస్తోంది” అన్నాడు చివరికి.

ఆ ఒక్క ముక్కా నిజమని ఆవిడకి తెలిసింది. తెలిసి, ఒక్క క్షణం ఆయన మీద జాలేసింది కూడా. మెరిసేదాని మీదికి చెయ్యి పోవడం మనుషులకి సహజం. తప్పు జరిగింది, మనిషి పోయింది, అక్కడితో ఏడ్చి ఊరుకుని ఉంటే ఆవిడే ఆయన పక్కన కూర్చుని ఓదార్చి ఉండేది. అలా ఊరుకోలేదే! పోయిన మనిషిని ఆసరా చేసుకుని, ఆ మనిషి మొగుడు కుట్టిన చొక్కా తొడుక్కుని, రేపు మునగబోయేవాళ్ల బతుకుల మీద తన పరువు ఆరేసుకుంటున్నాడు.

“నీ ఒక్కడి పేరు నిలబడ్డానికి ఇంకెంతమంది పోవాలి?”

“పెద్ద పెద్ద మాటలొద్దు. నిన్ను పెంచిన చేతులే ఇవి. అన్నం తినిపించిన చేతులు.” సబ్బు నురగ కారుతున్న రెండు చేతులూ ఆవిడ మొహం ముందుకి చాపాడు. “నువ్వు వెళ్లి వాళ్లకి చెబితే మెడపట్టి గెంటేస్తారు నన్ను. చెప్పు, వెళ్లి చెప్పు.”

లీడరమ్మ తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేసింది. ఆ చేతులు తనకి తగులుతాయేమోనని. జన్మలో ఆ చేతుల నుంచి తప్పుకోవడం అదే మొదలు. అలా తప్పుకున్నందుకు తన మీద తనకే ఏవగింపు పుట్టింది, అయినా ముందుకి రాలేకపోయింది.

“నేనేం చెప్పను. ఇంకోసారి పరీక్ష పెట్టమంటాను. ఈసారి మునిగేది నేను. లాగేది నువ్వు.”

మావయ్య మొహంలో రంగు మారింది. “నేనెందుకే? వాళ్లిద్దరూ ఉన్నారుగా.”

“నిరుడు లాగింది నువ్వేగా.”

వయసు మీదపడింది కాబట్టి జంకుతున్నాడు అనుకుంది ఆవిడ. అంతకు మించి తట్టలేదు. మనం ఎరిగినవాళ్ల గురించి మన బుర్ర ఒక గీత గీసుకుని, దాని అవతలికి పోదు.

మళ్లీ పరీక్ష అనేసరికి చైర్మన్ మొహం చేదు మందు మింగినట్టయింది.

“మళ్లీనా? భోజనం వేళయిందమ్మా. తేలిపోయిందాన్ని మళ్లీ నీళ్లలో ముంచడం దేనికి?”

“సంతకం మీది. రేపు ఎవరి చెయ్యైనా అందకపోతే వాళ్లవాళ్లొచ్చి మీ తలుపే తడతారు. ఒక్కసారి చూసి పెట్టండి.”

తలుపు తడతారన్న మాట చైర్మన్‌కి నచ్చలేదు. చొక్కా తొడుక్కుని వచ్చిన మావయ్య వైపు తిరిగి, “ఏమంటారు మాస్టారూ?” అన్నాడు. టెంటులో అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. కాదంటే ఎందుకు కాదన్నదీ చెప్పాలి.

“దానికేం భాగ్యం! దూదిపింజంత ఉంటుంది, ఒంటిచేత్తో లాగి పడేస్తా” అన్నాడు నవ్వుతూ. నవ్వు మొహానికి సరిగ్గా అతకలేదు.

తెడ్డుకి ఎవరు అనే ప్రశ్న రాకముందే దర్జీ లైఫ్ జాకెట్ బిగించుకుంటూ ముందుకొచ్చాడు. “మాస్టారితో నేను వెళ్తానమ్మా. నిరుడు ఆయనకి తోడు ఎవరూ లేకపోయారు” అన్నాడు. మావయ్య అతని వైపు చూడకుండానే తలూపాడు.

లీడరమ్మ పాత స్వెట్టర్లు రెండు ఒకదాని మీద ఒకటి తొడిగి, పైన మందపాటి కోటు వేసుకుంది. వరదలో జనం ఉన్నవన్నీ ఒంటి మీద వేసుకునే పరిగెడతారు. తడిస్తే ఆ బట్టల బరువు ఒక మనిషి బరువుతో సమానం. జాకెట్ మాత్రం వేసుకోలేదు. మునిగేవాళ్లకి దాన్ని ఎవరు తెచ్చిస్తారు?

గుంటలోకి దిగితే పాచి జిగురుగా మెడకి చుట్టుకుంది. కాలికి మెత్తగా ఏదో తగిలి పక్కకి జారింది. అదేమిటని ఆవిడ ఆలోచించదలుచుకోలేదు. పెదవులు బిగించి హంస పక్కకి ఈదింది. పక్కకి చేరాక కాళ్లూ చేతులూ ఆపేసి, ఒళ్లంతా వదిలేసింది. కింది నుంచి చూస్తే ఆ తెల్లటి అంచు గోడలా ఉంది. బజారు వీధిలో ఆ దర్జీ భార్యకి కూడా చివరగా కనిపించింది ఇదే అయ్యుంటుంది.

గోడ మీంచి మావయ్య తల, భుజాలు వచ్చాయి. చేతులు కిందికి దిగి ఆవిడ రెండు మణికట్లనీ పట్టుకున్నాయి. పట్టు గట్టిదే. ఎంతైనా ఆయన చెయ్యి ఆయన చెయ్యే.

“ఊఁ” అని ఒక్క లాగు లాగాడు. ఆవిడ భుజాలు నీళ్ల పైకి వచ్చి ఆగిపోయాయి. కోటులోంచి నీళ్లు ధారకట్టాయి. ఆయన ఇంకా వంగాడు, పొట్ట అంచుకి నొక్కుకుంది. హంస ఆ పక్కకి ఒరిగింది. దర్జీ అవతలి పక్కకి జరిగి బరువు నిలపాలని చూశాడు. ఒరిగింది ఒరిగినట్టే ఉంది, అంచు నీళ్లకేసి దిగుతోంది.

“కాళ్లాడించవే!” అన్నాడు మావయ్య పళ్లు బిగించి, ఆవిడకి మాత్రమే వినపడేలా.

ఆవిడ ఆడించలేదు. కళ్లెత్తి చూసింది. ఆయన మొహం జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా ఆ మొహాన్ని జ్వరం వచ్చిన రాత్రుల్లో చూసింది, ఈత వచ్చిన రోజున చూసింది. ఈ మొహాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆయనకి భయం నీళ్లంటే కాదు. పట్టుకున్న బరువంటే. అది తనని కూడా లోపలికి తీసుకుపోతుందన్న భయం. ఒరిగిన పడవలో ఆయన కళ్లు మేనకోడల్ని చూడ్డం లేదు, నిరుడు చూసినదాన్నే మళ్లీ చూస్తున్నాయి.

హంస ఇంకో బెత్తెడు ఒరిగింది.

మావయ్య వేళ్లు తెరుచుకున్నాయి.

చెయ్యి జారడం ఎలా ఉంటుందో లీడరమ్మకి తెలుసు. ఈ పనిలో ఎన్నో చేతులు జారాయి. జారే చెయ్యి ఊరికే పోదు. చివరి వేలి కొనదాకా పెనుగులాడుతుంది, గోరు గీరుకుపోతుంది, చర్మం కమిలిపోతుంది. ఇది అలా కాదు. రెండు చేతులూ ఒక్కసారిగా, తలుపు తీసినంత తేలిగ్గా తెరుచుకున్నాయి. తెరుచుకుని పడవలోకి వెళ్లిపోయాయి.

నీళ్లు నెత్తి మీద మూసుకున్నాయి. నోట్లోకి, ముక్కులోకి ఆ గుంట మొత్తం వచ్చిపడినట్టయింది. ఆ రుచి వర్ణించి మీ అన్నం చెడగొట్టను. కోటు కిందికి లాగుతోంది. ఒక బొత్తాం ఊడబీక్కుని, రెండోది తెంపేసుకుని, కోటు వదిలించుకుని, కాళ్లు తన్ని పైకొచ్చింది. ఊపిరి తీసుకుని ఉమ్మేసింది. మళ్లీ ఉమ్మింది. ఎంత ఉమ్మినా పోని కంపు ఒకటి లోపల ఉండిపోయింది. ఏ చేతిని చూపించి దర్జీ కన్నీళ్లు పెట్టుకునేవాడో, ఏ చేతి గురించి తను కొత్తవాళ్లకి గొప్పగా చెప్పుకునేదో, ఛీ! ఇన్నాళ్లూ ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టాడు, తను తింది.

వదిలేసిన ఊపుకి హంస ఇటు తేలిపోయింది, ఆవిడ అటు ఉండిపోయింది. ఇద్దరి మధ్యా ఒక వీధి వెడల్పు పాచి. పడవలో మావయ్య గట్టువైపు తిరిగి చేతులు పైకెత్తి అరుస్తున్నాడు.

“చెయ్యి జారింది! పట్టుకున్నానండీ, ప్రవాహం లాగేసింది! చెయ్యి జారింది!”

అదే మాట. నిరుడు చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా.

“అయ్యో, అందులో మాస్టారి తప్పేముంది! చేతులన్నాక జారవూ?” అన్నాడు చైర్మన్ గట్టు మీద నుంచి. ఆయన చేతిలో ఇంకా బిస్కెట్టు ఉంది.

గుంటలో అల కూడా లేదు. చిరిగిన పాచి ముక్కలు ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. చచ్చిన ఎలక ఒకటి హంస పక్కనే, పొద్దుట్నుంచి ఎక్కడుందో అక్కడే ఉంది.

దర్జీ తెడ్డు వెయ్యడం మానేశాడు. దాన్ని నీళ్లలోంచి తీసి, తడి కారకుండా జాగ్రత్తగా పడవలో పొడుగ్గా పడుకోబెట్టాడు. ఎలకని చూశాడు, పాచిని చూశాడు. తర్వాత మావయ్య చేతుల్ని చూశాడు. పైకెత్తిన ఆ చేతులకి తను కొలత తీసి కుట్టిన చొక్కా చేతులు ఎక్కడా బిగుతు లేకుండా సరిగ్గా పట్టాయి.

“మాస్టారూ” అన్నాడు. గొంతులో కోపం లేదు, దానికే భయం వేసింది లీడరమ్మకి. “ఇక్కడ ప్రవాహం ఎక్కడుందండీ?”

మావయ్య చేతులు దించాడు.

“నేను ఇక్కడే కూర్చుని ఉన్నానండీ. కళ్లారా చూశాను. మీ వేళ్లు...” దర్జీ తన అరచేతిని మొహం ముందుకి తెచ్చుకుని, ముడిచి, తెరిచాడు. మళ్లీ ముడిచి, తెరిచాడు. ఎన్నో ఏళ్లు గుడ్డని పట్టుకుని వదిలిన చెయ్యి అది. దానికి తేడా తెలుసు. “ఇలా తెరిచారండీ.”

“ఒరేయ్, పడవ ఒరిగిందిరా. ఇద్దరం పోయేవాళ్లం.”

“ఎప్పుడండీ? ఇప్పుడా? ఆ రోజా?”

మావయ్య గట్టుకేసి చూశాడు. దర్జీ జవాబు కోసం ఎదురుచూశాడు. రాదని రూఢి అయ్యాక, ఛాతీ మీది పట్టీ విప్పాడు. రెండో పట్టీ విప్పాడు. లైఫ్ జాకెట్ తీసి, తెడ్డు పక్కన పెట్టాడు.

“అన్నా, వద్దు!” అని అరిచింది లీడరమ్మ. “అన్నా, ఆగు, నేనొస్తున్నా!” రెండు స్వెట్టర్లూ గుంటెడు నీళ్లు తాగి ఉన్నాయి. ఎంత తన్నినా పడవ దగ్గర కావడం లేదు. పాచి చేతులకి చుట్టుకుంటోంది.

దర్జీ అంచు మీద కూర్చుని, కాళ్లు అవతలికి వేసి, చన్నీళ్లలోకి దిగే మనిషిలా మెల్లగా జారాడు. ఆ ఎత్తు నుంచి దిగడానికి కూడా కష్టపడ్డాడు పాపం. మెడదాకా మునిగాడు, మింగాడు, దగ్గాడు. తల పైకెత్తి ఒక చెయ్యి గోడలాంటి ఆ తెల్లటి అంచుకేసి చాపాడు.

“నాకు ఈత రాదు మాస్టారూ. కాళ్లాడించడం కూడా రాదు. పట్టుకోండి.”

“ఓహో! ఇది కూడా పరీక్షలో భాగమేనా? శభాష్!” అని గట్టు మీద చైర్మన్ చప్పట్లు మొదలుపెట్టాడు. చూసి ఇంకో ఇద్దరు కొట్టారు.

దర్జీ గడ్డం మునిగింది, నోరు మునిగింది. చాపిన చెయ్యి మాత్రం దిగలేదు. హంస ఆ పక్కకి కొంచెం ఒరిగింది.

మావయ్య రెండు చేతులూ ఉన్నాయి. పడవ అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.